పొద మార్పిడి (అనంతపురం మెట్ట)

ఏళ్ల తరబడి నాటుకున్న పెద్ద పెరటి పొదను వేళ్లతో, మట్టిగడ్డతో సహా తవ్వి మరోచోట నాటడం. ఏడాదికి సుమారు 550 మి.మీ. వాన మాత్రమే పడే అనంతపురం ప్రాంతంలో ఈ పని ఫలించడం, ఫలించకపోవడం కాలాన్నిబట్టి ఉంటుంది. తొలకరి అనువుగా కనిపించినా, జూన్ నుంచి ఆగస్టు దాకా వీచే పొడిగాలి కొత్త మొక్కను ఎండగడుతుంది. రామగిరి కొండలపై గాలిమరలు పెట్టింది ఆ గాలి కోసమే. వానలు ఎక్కువగా పడే సెప్టెంబరు, అంటే పుబ్బ, ఉత్తర కార్తెలు, మేలు.

నెలన్నర ముందే పొద చుట్టూ పారతో వేళ్లు కోస్తే మొదలు దగ్గర పీచువేళ్లు పుడతాయి. ఎర్రనేల పొడిగా ఉంటే గడ్డ విడిపోతుంది. అందుకే ముందురోజు బాగా తడిపి, తవ్వగానే గోనెపట్టాతో బిగించాలి. కొమ్మల్లో మూడోవంతు కత్తిరించాలి. గరుసు నేలలో తవ్విన గుంత తొట్టిలా నీరు నిలుపుతుంది కనుక అడుగును గడ్డపారతో పగలగొట్టాలి. మొదలు పాత లోతుకు మించి దిగకూడదు. పాదులో వేరుశనగ పొట్టు పరిస్తే తడి నిలుస్తుంది. ఈ సీమలో దానికి కొదవ లేదు.

గన్నేరు మార్పిడిని బాగా తట్టుకుంటుంది, కానీ దాని పాలు విషం. కాగితంపూల చెట్టు వేళ్లు పెళుసు, కనుక గడ్డ చెదరకూడదు. కరివేపాకుకైతే ఇంత శ్రమ దండగ, పక్కన లేచే పిలకను తీసి నాటడమే సులువు.