గుక్కెడు నీళ్ల లెక్క

సిసిలీ ఆగ్నేయపు కొసన సిరాక్యూస్ నగరం, దాన్ని ఆనుకుని ఒర్తీజియా అనే చిన్న దీవి. సముద్రానికి నాలుగడుగుల దూరంలో అక్కడొక ఊట ఉంది. పేరు ఆరెతూసా. నడుమ పాపిరస్ దుబ్బులు, గోడకు అవతల అలలు. పాతకాలంలో ఆ ఊరి మంచినీటికి పేరుమోసిన ఊట అది.

అక్కడి నుంచి కాస్త పైకి నడిస్తే కతీడ్రల్. 1693 భూకంపం తరువాత కట్టిన బరోక్ ముఖద్వారాన్నే అందరూ ఫోటో తీసుకుంటారు. నాకు మాత్రం పక్క సందులోని గోడ నచ్చింది. అందులో సగం పూడుకుపోయి లావాటి డోరిక్ స్తంభాలు నిలబడి ఉన్నాయి. క్రీ.పూ. 5వ శతాబ్దంలో అది ఎథీనా గుడి. ఏథెన్స్ నగరం ఏ దేవత పేరు పెట్టుకుందో ఆ దేవతే. ఏథెన్స్ బిడ్డలు వేలమంది ఈ నేల మీద ఆమె గుడికి కూతవేటు దూరంలోనే నాశనమయ్యారు.

క్రీ.పూ. 415 వేసవిలో సిరాక్యూస్ మీదికి దండెత్తడానికి వాళ్లు తమ పిరేయస్ రేవు నుంచి బయలుదేరిన రోజున ఊరు ఊరంతా ఒడ్డుకు దిగింది. బంగారు, వెండి పాత్రలతో ద్రాక్షసారాయం ధారపోసి దేవతలకు మొక్కారు. మిత్రులందరూ కలిసేసరికి 134 యుద్ధనౌకలు, 5,100 మంది బరువు కవచాల సైనికులు. నాయకుల్లో ఒకడైన నికియాస్‌కు ఈ దండయాత్ర మొదటినుంచీ ఇష్టం లేదు. జనాన్ని బెదరగొడదామని, ఇంతకింత సైన్యం కావాలని సభలో లెక్క చెప్పాడు. జనం బెదరలేదు సరికదా, అడిగినదంతా ఇచ్చి పంపారు. తోటి నాయకుల్లో అల్సిబయడీస్ విచారణకు పిలుపు రాగానే పారిపోయి శత్రువులైన స్పార్టా పంచన చేరాడు. లామకస్ యుద్ధంలో పోయాడు. మూత్రపిండాల జబ్బుతో మూలుగుతున్న నికియాస్ ఒక్కడే మిగిలాడు, తనకు ఇష్టంలేని యుద్ధంతో.

నీళ్ల కటకట అప్పుడే మొదలైంది. సిరాక్యూస్ రేవు ముఖాన ఉన్న ప్లెమీరియన్ కొమ్ము మీద అతను కోటలు కట్టించాడు గానీ అక్కడ నీళ్లు తక్కువ. కట్టెలకూ నీళ్లకూ దూరం వెళ్లిన నావికులను సిరాక్యూస్ గుర్రపుదళం వేటాడి చంపింది. ఏథెన్స్ నుంచి డెమోస్తనీస్ అనే సేనాని కొత్త ఓడలతో వచ్చాడు, రాత్రివేళ ఎపిపోలే గుట్ట మీద దాడి చేసి దెబ్బతిన్నాడు. ఇక వెళ్లిపోదామని అందరూ సిద్ధమయ్యారు. సరిగ్గా అప్పుడు, క్రీ.పూ. 413 ఆగస్టు 27న, పున్నమి చంద్రుడికి గ్రహణం పట్టింది.

మూడు తొమ్మిదులు, అంటే 27 రోజులు కదలకూడదని జోస్యులు చెప్పారు. నికియాస్ తలూపాడు. మన ఇళ్లలో గ్రహణం ఎంత పట్టింపుగా ఉన్నా విడుపు స్నానంతో సరి. నెల్లాళ్లు గుమ్మంలో శత్రువును పెట్టుకుని కూర్చోమని ఏ తాతా చెప్పగా వినలేదు.

ఆ గడువు తీరేలోగానే శత్రువులు ఓడలు వరసగా నిలిపి రేవు మూసేశారు. చివరి నౌకాయుద్ధాన్ని ఒడ్డునుంచి చూస్తున్న సైనికులు ఓడలు ఎటు ఊగితే అటు ఊగిపోయారట, గెలుస్తున్నామని ఒకవైపు కేక, పోయామని మరోవైపు ఏడుపు. ఓడాక కూడా వాళ్లకు శత్రువుకన్నా ఎక్కువ ఓడలే మిగిలాయి. నావికులు మాత్రం మళ్లీ ఓడ ఎక్కం అన్నారు.

దాదాపు 40,000 మంది కాలినడకన కదిలారని ఏథెన్స్ చరిత్రకారుడు థుసిడిడీస్ రాశాడు. గాయపడినవాళ్లు తోటివాళ్ల మెడలకు వేలాడి, నడవగలిగినంత దూరం వెంటపడి, దారిలో కూలిపోయారు. వెనకున్న డెమోస్తనీస్ 6,000 మందితో లొంగిపోయాడు. ముందు నడిచిన నికియాస్ మనుషులు అసినారోస్ ఏటి దగ్గరకు చేరారు. ఇప్పుడు తేనెరంగు రాతి మేడలతో మెరిసే నోటో పట్టణం పక్కన పారే ఏరే అదంటారు. దాహంతో గుంపుగా ఏట్లోకి దూకారు, ఒకరినొకరు తొక్కుకున్నారు. గట్టు మీది నుంచి ఈటెలు పడుతున్నాయి. నెత్తురూ బురదా కలిసిన ఆ నీళ్ల కోసమే కొట్టుకుంటూ తాగారు.

నాయకులిద్దరినీ చంపేశారు. కనీసం 7,000 మంది ఖైదీలను రాళ్లు తవ్విన గోతుల్లోకి దించారు. పైన కప్పు లేదు, పగలు ఎండ, రాత్రి చలి, పక్కనే శవాల గుట్ట. మనిషికి రోజుకు రెండు కొలతల ధాన్యం, ఒక కొలత నీళ్లు. ఆ కొలత సుమారు పావు లీటరు. డెబ్బై రోజుల తరువాత చాలామందిని బానిసలుగా అమ్మేశారు. ఏథెన్స్ వాళ్లను మాత్రం ఆ గోతుల్లోనే ఉంచారు. ఆ తిండి లెక్క ఎనిమిది నెలలు నడిచింది.

ఇప్పుడు ఆ గోతుల్లో చెట్లు, నీడ. జనం టికెట్టు కొనుక్కుని చల్లగా తిరుగుతారు.

కొందరు ప్రాణాలతో బయటపడ్డారని పాతకాలపు గ్రీకు రచయిత ప్లూటార్క్ చెప్పాడు. సిసిలీ జనానికి యూరిపిడీస్ నాటకాలంటే పిచ్చి. అతని పద్యాలు నోటికి వచ్చినవాళ్లను యజమానులు వదిలిపెట్టారట. పారిపోయి దిక్కులేక తిరిగినవాళ్లకు ఆ పాటలు పాడితే తిండీ నీళ్లూ దొరికాయట. ఓడలు బయలుదేరిన ఏడాదే, ఆ వసంతంలో, యూరిపిడీస్ ఏథెన్స్‌లో ‘ట్రోజన్ స్త్రీలు’ ఆడించాడు. ఓడిన ఊరి ఆడవాళ్లు బానిసలుగా ఓడలెక్కే కథ అది. పోటీలో దానికి రెండో బహుమతే ఇచ్చారు.

ఇల్లు చేరిన ఆ కొద్దిమంది యూరిపిడీస్‌ను వెతుక్కుంటూ వెళ్లి దండం పెట్టారట, నీ పద్యాలే మాకు నీళ్లు పోశాయని.