యుద్ధమొస్తే ప్రెసిడెంట్‌కి రూట్ యాక్సెస్ వచ్చేస్తుందా?

అమెరికా అధ్యక్షుడు సర్వసైన్యాధ్యక్షుడు కూడా కాబట్టి యుద్ధం పేరు చెప్పి ఏమైనా చెయ్యొచ్చని మనలో చాలామంది అనుకుంటాం. కాదనడానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ 1952 నాటి స్టీలు మిల్లుల కేసు.

అప్పుడు కొరియా యుద్ధం నడుస్తోంది. అమెరికాలో స్టీలు కార్మికులు సమ్మెకి సిద్ధమయ్యారు. ఉక్కు లేకపోతే ఆయుధాలుండవంటూ, మిల్లుల్ని స్వాధీనం చేసుకోమని ఏప్రిల్ 8న ట్రూమన్ ఆదేశించాడు. నిజానికి సమ్మెని 80 రోజులు ఆపించే దారి 1947 నాటి టాఫ్ట్-హార్ట్‌లీ చట్టంలోనే ఉంది. కానీ అది తను వీటో చేసినా కాంగ్రెస్ పట్టుబట్టి నెగ్గించుకున్న చట్టం. దాని జోలికి వెళ్ళడం ఆయనకిష్టం లేదు.

జూన్ 2న సుప్రీంకోర్టు 6-3 తేడాతో ఆ ఆదేశాన్ని కొట్టేసింది. తొమ్మిదిమంది జడ్జీలూ రూజ్వెల్టో, ట్రూమనో నియమించినవాళ్ళే! అయినా ట్రూమన్ కిక్కురుమనకుండా మిల్లులు తిరిగిచ్చేశాడు. కార్మికులు సమ్మెలోకి దిగారు, అది ఏడు వారాలు దాటి సాగింది.

ఆ కేసులో జస్టిస్ జాక్సన్ విడిగా రాసిన అభిప్రాయమే ఇప్పటికీ కొలబద్ద. ఆయన చెప్పినవి మూడు మెట్లు: కాంగ్రెస్ సరేనంటే అధ్యక్షుడి బలం గరిష్ఠం, కాంగ్రెస్ ఏమీ చెప్పకపోతే సందిగ్ధం, కాంగ్రెస్ ఉద్దేశానికి ఎదురెళితే కనిష్ఠం. మన భాషలో చెప్పాలంటే పర్మిషన్స్ ఇచ్చేది కాంగ్రెస్, రూట్ యాక్సెస్ ఎవరికీ లేదు.

ఇక్కడితో ఆపితే కథ సుఖాంతం. కానీ మొదటి మెట్టు దగ్గరే నాకు గుండె గుభేలుమంటుంది. 1942లో రూజ్వెల్ట్ ఆదేశంతో దాదాపు 1,20,000 మంది జపాను మూలాలవాళ్ళని ఇళ్ళు ఖాళీ చేయించి క్యాంపుల్లో పెట్టారు. వాళ్ళలో ఎక్కువమంది అమెరికా పౌరులే. కాంగ్రెస్ అడ్డుపడలేదు సరికదా, ఆ ఆంక్షలు మీరితే శిక్ష వేసేలా చట్టం కూడా చేసింది. 1944లో కొరెమాత్సు కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది, అదీ 6-3 తోనే. ఆ తీర్పు రాసిన హ్యూగో బ్లాకే 1952లో మిల్లుల తీర్పూ రాశాడు! జాక్సన్ మాత్రం అప్పుడు కూడా ఒప్పుకోలేదు.

మిల్లుల యజమానులకి రెండు నెలల్లోపే న్యాయం దొరికింది. కొరెమాత్సు తీర్పు తప్పని సుప్రీంకోర్టు నోటితో అనడానికి 2018 దాకా పట్టింది.

అధ్యక్షుడు ఒంటరిగా గీత దాటితే కోర్టు ఆపగలదని 1952 చెప్తోంది. కాంగ్రెస్ కూడా తోడైతే? అందుకే అమెరికాలో ఎవరైనా "యుద్ధ సమయం కదా" అన్నప్పుడల్లా, కాంగ్రెస్ దేనికి ఓటేసిందా అని ముందు చూస్తాను. అక్కడ లక్షల్లో ఉన్న మనవాళ్ళు కూడా చూడాల్సింది అదేనని నా అభిప్రాయం.