దత్తమండలం

హనుమంతునిపాడుకు పడమట ఉన్న కంభం, గిద్దలూరు పాత రికార్డుల్లో దత్తమండలాల కింద కనిపిస్తాయి. దత్తం అంటే ఇచ్చినది. ఇచ్చింది నిజాం, పుచ్చుకున్నది ఈస్టిండియా కంపెనీ. హైదరాబాదులో ఉంచిన కంపెనీ సైన్యం ఖర్చుకు ఏటేటా నగదు కట్టే బదులు, 1800 అక్టోబరు ఒప్పందంలో నేలనే రాసిచ్చారు. కంపెనీ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ నడిపిన ఆ బేరంలో తుంగభద్రే హద్దు. అందుకే నదికి ఉత్తరాన కొప్పళ, గజేంద్రగడ నిజాముకే ఉండిపోయి, బదులుగా దక్షిణాన ఆదోని కంపెనీకి వెళ్లింది. ఆ నేలను దున్నేవాణ్ని ఎవరూ అడగలేదు; ఈ పేరులో నాకు గుచ్చుకునేది అదే. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు ‘రాయలసీమ’ అన్నాక పాత పేరు వెనక్కి తగ్గింది. గిద్దలూరు, మార్కాపురం మాత్రం 1970లో కర్నూలు జిల్లాను విడిచి, తర్వాత ప్రకాశంగా పేరు మారిన ఒంగోలు జిల్లాలో చేరాయి.