తల్లి ఒడి సీటు బెల్టుకు ప్రత్యామ్నాయం కాదు: వాహనాలలో చిన్నారుల రక్షణకు చట్ట నిబంధనలు

అనంతపురం నుండి బత్తలపల్లి మీదుగా కదిరి వెళ్లే 42వ నంబరు జాతీయ రహదారిపై ముదిగుబ్బ మండల కేంద్రం ఉన్నది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో ఈ మండలం అనంతపురం జిల్లా నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. తరచు కరవుకు గురయ్యే ఈ ప్రాంతం నుండి పనుల కోసం బెంగుళూరు వెళ్లిన కుటుంబాలు పండుగలకు, పెళ్లిళ్లకు, కదిరి శ్రీ లక్ష్మీనరసింహస్వామి బ్రహ్మోత్సవాలకు స్వగ్రామాలకు వస్తుంటాయి. ఈ ప్రయాణాలలో చంటిబిడ్డ తల్లి ఒడిలో ఉంటే క్షేమమని పెద్దలు భావించడం సహజం. అయితే అది వాస్తవం కాదు.

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు దేనినైనా ఢీకొని ఆగడం, సుమారు 10 మీటర్ల ఎత్తు నుండి క్రింద పడటంతో సమానం. ఆ వేగం సెకనులో పదవ వంతు కాలంలో ఆగిపోతే 10 కిలోల బిడ్డను పట్టుకున్న చేతులపై దాదాపు 140 కిలోల బరువు పడుతుంది. ఏ తల్లీ దానిని ఆపలేదు. తల్లికి, బిడ్డకు కలిపి ఒకే బెల్టు కట్టడం మరింత అపాయకరం. తల్లి శరీర భారం బిడ్డపైనే పడుతుంది.

2019 సెప్టెంబరు 1 నుండి అమలులోకి వచ్చిన మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194-బి ప్రకారం, 14 ఏళ్లు నిండని బాలబాలికలను సీటు బెల్టుతో గాని, పిల్లల కోసం రూపొందించిన ప్రత్యేక సీటుతో గాని భద్రపరచకుండా వాహనం నడిపినవారికి, నడపనిచ్చినవారికి రూ.1000 జరిమానా విధించవచ్చును. బాధ్యత పెద్దలదే.

శిశువుల సీటును వెనుక వరుసలో, బిడ్డ ముఖం కారు వెనుక వైపుకు ఉండేలా బిగించాలి. ఐక్యరాజ్యసమితి 129వ నిబంధన ప్రకారం కనీసం 15 నెలల వయసు వరకు ఇదే పద్ధతి. ఎయిర్ బ్యాగ్ పనిచేసే ముందు సీటులో దీనిని అమర్చరాదు. కొంత పెద్ద పిల్లలకు ఎత్తు పెంచే సీటు అవసరం. లేనిచో బెల్టు భుజంపై కాక మెడపైకి వస్తుంది. శిశు మరణాలను ఇటువంటి సీట్లు 71 శాతం వరకు తగ్గించగలవని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్నది. కాన్పు సాయానికి అమెరికా వెళ్లివచ్చిన మన అమ్మమ్మలకు, నాయనమ్మలకు ఈ సీటు క్రొత్త కాదు; అక్కడ పసిబిడ్డ ఆసుపత్రి నుండి ఇంటికి చేరేది అందులోనే. రాయలసీమ ఎండలో నిలిపిన కారులో బెల్టు లోహపు కొక్కెం కాలిపోతుంది గనుక బిడ్డను కూర్చోబెట్టే ముందు చేతితో తాకి చూడాలి.

పల్లెలలో కారు కంటే ద్విచక్ర వాహనమే అధికం. 9 నెలల నుండి 4 ఏళ్ల లోపు పిల్లలను తీసుకువెళ్లేటప్పుడు వారిని చోదకునికి కలిపి ఉంచే భద్రతా పట్టీ, తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు మించరాదని 2022 ఫిబ్రవరి 15న ప్రకటించిన కేంద్ర నిబంధనలు నిర్దేశించాయి. ఇవి ఏడాది తరువాత అమలులోకి వచ్చాయి. ఆ పట్టీ 30 కిలోల బరువును ఆపగలిగి ఉండాలి. 4 ఏళ్లు దాటిన వారందరికీ హెల్మెట్ తప్పనిసరి. పెట్రోలు ట్యాంకుపై పిల్లవానిని కూర్చోబెట్టుకునే అలవాటుకు ఇందులో చోటు లేదు.

బెల్టులే లేని ఆటోలలో పిల్లల సీటు బిగించే వీలు లేదు. ముదిగుబ్బ వంటి మండలాలలో ఇదే పెద్ద లోటు. అక్కడ పరిమితికి మించి ఎక్కించకుండా చూడటమే అధికారుల చేతిలో ఉన్న మార్గం. ప్రమాద వార్తలలో పిల్లలు ఏ సీటులో ఉన్నారు, బెల్టు ఉన్నదా లేదా అనే వివరాలను విలేకరులు కూడా నమోదు చేయడం ఉపయుక్తంగా ఉంటుంది.