పెరటి షెడ్లలో పుట్టిన హాట్‌రాడ్

1908లో ఫోర్డు కంపెనీ మోడల్ టి కారును తొలిసారి అమ్మినప్పుడు దాని ధర 850 డాలర్లు. 1925 నాటికి అందులో చవక రకం 260 డాలర్లకు దిగింది. 1927లో తయారీ ఆపేసేసరికి కోటిన్నర కార్లు తయారై బయటికి వచ్చేశాయి. అన్ని కార్లు అమ్ముడయ్యాక పాతబడి మూలన పడేవీ తక్కువేం ఉండవు. 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో దక్షిణ కాలిఫోర్నియా తుక్కు దుకాణాల్లో అవి దండిగా దొరికేవి. కొత్త కారు కొనే తాహతు లేని కుర్రాళ్లు బాడీ ఒకచోట, ఇంజిను మరోచోట, చక్రాలు ఇంకోచోట సంపాదించి ఇంటి వెనక షెడ్డులో బిగించుకునేవారు. తర్వాతి కాలంలో హాట్‌రాడ్ పేరుతో ప్రపంచమంతా తెలిసిన కారు అలా పుట్టింది. దాని రూపంలో మనం మెచ్చుకునే అందాల్లో చాలా వాటికి మూలం ఆనాటి కుర్రాళ్ల ఖాళీ జేబులే.

ఈ పని అక్కడే అంతగా పాకడానికి నేలా, గాలీ కూడా కలిసొచ్చాయి. లాస్ ఏంజిలస్ చుట్టుపక్కల వానలు తక్కువ. పాత బాడీలకు తుప్పు త్వరగా పట్టదు, ఏడాది పొడవునా ఆరుబయట పని చేసుకోవచ్చు. విమానాల ఫ్యాక్టరీల పుణ్యమా అని లేత్ పని తెలిసినవాళ్లు వీధివీధినా ఉండేవారు. ఊరికి ఉత్తరాన, మొజావీ ఎడారిలో మ్యూరాక్ లాంటి ఎండిన సరస్సులు ఉన్నాయి. నీళ్లు ఇంకిపోయి గట్టిపడిన ఆ నేల మైళ్ల కొద్దీ చదును. మ్యూరాక్ ఉన్నచోట ఇప్పుడు ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం ఉంది.

శనివారం రాత్రి బయల్దేరి, ఆదివారం తెల్లవారేసరికి కుర్రాళ్లు పందేల కోసం ఆ సరస్సుల దగ్గరికి చేరేవారు. చేరగానే మడ్‌గార్డులు, హెడ్‌లైట్లు, ముందు అద్దం ఊడదీసేవారు. బరువు తగ్గితే, గాలికి అడ్డు తగ్గితే, అదే ఇంజినుతో కారు ఇంకొంచెం వేగంగా పోతుంది. ఇంజినులో కొత్త సామాను వెయ్యాలంటే డబ్బు కావాలి, బోల్టులు విప్పడానికి పానా చాలు. మడ్‌గార్డులు లేక చక్రాలు బయటికి కనిపించే హాట్‌రాడ్ ఆకారం ఈ లెక్కలోంచే వచ్చింది. ఎవరి వేగం ఎంతో నమ్మకంగా కొలవడానికి, పందేల్లో ప్రమాదాలు తగ్గించడానికి 1937లో అక్కడి క్లబ్బులు కలిసి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్‌ను పెట్టుకున్నాయి.

1932లో ఫోర్డు వి8 వచ్చింది. అప్పటిదాకా వి8 ఇంజిను క్యాడిలాక్ లాంటి ఖరీదైన కార్ల సొత్తు. ఫోర్డు కంపెనీ దాని బ్లాకును ఒకే ముక్కగా పోత పోసి 65 హార్స్‌పవర్ ఇంజిను ఉన్న కారును 500 డాలర్ల లోపే అమ్మడం మొదలుపెట్టింది. అంతకు ముందున్న మోడల్ ఎ శక్తి 40 హార్స్‌పవర్. కొన్నేళ్లు తిరక్కుండానే ప్రమాదాల్లో దెబ్బతిన్న వి8 కార్లు తుక్కు దుకాణాలకు చేరాయి. కుర్రాళ్ల దశ తిరిగింది.

ఆ ఇంజినుకు ఒక పెద్ద లోపం ఉంది. పొగ బయటికి పోయే దారులు సిలిండర్ల పక్కగా బ్లాకులోంచే సాగుతాయి, అందువల్ల ఇట్టే వేడెక్కిపోతుంది. అయినా కుర్రాళ్లు దాన్ని వదల్లేదు. విక్ ఎడెల్‌బ్రాక్ అనే గ్యారేజీ మెకానిక్ రెండు కార్బురేటర్లు పట్టే మానిఫోల్డ్‌ను తయారుచేసి తన 1932 రోడ్‌స్టర్‌కే బిగించుకున్నాడు. చూసినవాళ్లు తమకూ కావాలన్నారు, దాంతో అదే అతని వ్యాపారమైంది. 1932 ఫోర్డులో బ్రేకులు ఇనుప కడ్డీలతో పనిచేసేవి. 1939లో కంపెనీ హైడ్రాలిక్ బ్రేకులకు మారగానే ఆ పాత కార్లకు కొత్త కార్ల బ్రేకులు ఎక్కాయి. తర్వాత్తర్వాత మెర్క్యురీ కారు క్రాంక్‌షాఫ్టును ఫోర్డు బ్లాకులో కూర్చి శక్తి పెంచడం కూడా మామూలైపోయింది. ఒకే కంపెనీ కార్లు కాబట్టి ఒకదాని భాగాలు మరొకదానికి కొద్దిపాటి మార్పుతో సరిపోయేవి. ఏ ఏటి భాగం ఏ కారుకు పడుతుందో తెలిసినవాడికి గుంపులో ఇంజినీరుకున్నంత గౌరవం.

రెండో ప్రపంచయుద్ధం ఈ చదువును ఆపలేదు, పెంచింది. 1942లో మామూలు జనానికి కార్ల తయారీ ఆగిపోయింది. సైన్యంలోకి వెళ్లిన కుర్రాళ్లు అక్కడ విమానాల ఇంజిన్లు విప్పడం, వెల్డింగ్, హైడ్రాలిక్స్ నేర్చుకున్నారు. వైమానిక దళంలో పనిచేసిన అలెక్స్ జిడియాస్ 1946 మార్చిలో, సైన్యం నుంచి విడుదలైన రోజునే, బర్‌బ్యాంక్‌లో సో-కాల్ స్పీడ్ షాప్ తెరిచాడు. బిల్ బర్క్ పసిఫిక్‌లో పనిచేస్తుండగా యుద్ధవిమానాల కింద వేలాడదీసే అదనపు ఇంధన ట్యాంకులను చూశాడు. గాలిని కోసుకుపోయేలా నీటిబొట్టు ఆకారంలో చేసిన ట్యాంకులవి. యుద్ధం ముగిశాక అవి మిగులు సామాను కింద చవగ్గా దొరికాయి. 1946లో ఒక ట్యాంకుకు చక్రాలు పెట్టి బర్క్ ఎండిన సరస్సు మీద నడిపించాడు. 1952లో ఆ తరహాలోనే జిడియాస్ కట్టిన కారు బానవిల్ ఉప్పునేల మీద గంటకు సుమారు 319 కిలోమీటర్ల వేగం అందుకుంది. మిగులు సామానులోంచి తెచ్చిన ట్యాంకుతో అంతటి వేగం సాధించడం గొప్ప ఇంజినీరింగే.

వీధుల్లో పందేలు వేసే పోకిరీలన్న పేరు మాత్రం హాట్‌రాడ్ కుర్రాళ్లను వదల్లేదు. ఆ మచ్చ పోగొట్టాలని 1948 జనవరిలో లాస్ ఏంజిలస్‌లో ఒక ప్రదర్శన పెట్టారు. ‘హాట్‌రాడ్’ పత్రిక తొలి సంచికను రాబర్ట్ పీటర్సన్ ఆ హాలు మెట్ల దగ్గర 25 సెంట్లకు అమ్మాడు. ఏ భాగం ఎలా మార్చాలో బొమ్మలతో చెప్పే ఆ పత్రికతో దక్షిణ కాలిఫోర్నియా పెరళ్లలోని పనితనం దేశమంతటికీ చేరింది. దాని సంపాదకుడు వాలీ పార్క్స్ 1951లో నేషనల్ హాట్‌రాడ్ అసోసియేషన్‌ను స్థాపించి, పందేలను వీధుల నుంచి ప్రత్యేకమైన ట్రాకుల మీదికి మళ్లించాడు.

వేగం కంటే రూపం మీద మోజున్నవాళ్లది ఇంకో దారి. వీళ్లకు శామ్, జార్జ్ బారిస్ సోదరులు గురువులు. 1949 మెర్క్యురీ లాంటి కారు కప్పును కిందికి దింపాలంటే అద్దాల మధ్య స్తంభాలు కోయాలి. కోస్తే కప్పు అంచులు అద్దాలతో కలవవు. కప్పును ముక్కలు చేసి, సాగదీసి, మళ్లీ అతకాలి. ఆ అతుకుల మీద కరిగించిన సీసం పూసి, చెక్క గరిటెలతో నున్నగా చేసేవారు. వీళ్లు 1951 మెర్క్యురీ మీద కట్టి, 1952లో ప్రదర్శించిన హిరోహాటా మెర్క్ ఈ కళకు శిఖరం. దాని పక్క పట్టీలు బ్యూక్‌వి, వెనక లైట్లు లింకన్‌వి. 1959లో పాత కార్ల దుకాణంలో ఆ కారును ఒక హైస్కూలు కుర్రాడు 500 డాలర్లకు కొన్నాడు. దశాబ్దాల పాటు ఇంట్లో దాచి, తర్వాత ఓపిగ్గా పాత రూపానికి తెచ్చాడు. 2022లో వేలంలో అది 20 లక్షల డాలర్లకు పైగా పలికింది.

మెక్సికన్ అమెరికన్ పేటల్లో కారు నేలకు ఆనేంత కిందికి దిగి, మెల్లగా సాగడమే ఠీవి. ఖర్చు లేకుండా దించాలంటే డిక్కీలో ఇసుక బస్తాలు వేసేవారు, లేదంటే స్ప్రింగులు కోసేవారు. 1958లో చక్రాల రిమ్ముల కంటే కిందికి దిగిన కార్లు నడపకూడదని కాలిఫోర్నియా చట్టం చేసింది. జవాబు మళ్లీ విమానాల మిగులు సామానులోనే దొరికింది. రాన్ అగిరే వాటి హైడ్రాలిక్ పంపులను తన కార్వెట్‌కు బిగించాడు. స్విచ్ నొక్కితే కారు లేస్తుంది, మళ్లీ నొక్కితే దిగుతుంది. పోలీసు కనిపిస్తే పైకి, పోయాక కిందికి. లోరైడర్లని పేరుపడ్డ ఇలాంటి కార్లకు ఆనవాలుగా మారిన ఈ ఏర్పాటు అసలు ఆ చట్టాన్ని తప్పించుకోవడానికి పుట్టిందే.

ఆ చట్టంతో పాటు, ఊళ్లలో కార్లతో మెల్లగా తిరగడాన్ని నిషేధించే స్థానిక నిబంధనలను కూడా లోరైడర్ కుటుంబాలు ఏళ్ల తరబడి ఎదిరించాయి. వారాంతాల్లో కూలి డబ్బు దాచి, అన్నదమ్ములు, తండ్రీకొడుకులు కలిసి కట్టుకున్న కార్లు తమ సంస్కృతి అని, నేరం కాదని వాదించాయి. 2024 జనవరి 1 నుంచి కాలిఫోర్నియా ఆ రెండు ఆంక్షలనూ ఎత్తేసింది.