హైదరాబాదు హిజ్రా సమాజమున తారతమ్యములు

తిక్కన విరాటపర్వమున బృహన్నలను నిలిపిన నాటినుండియు 'పేడి' యను మాట తెలుగువారికి పరిచితమే. అయినను ఆ మాటచే పిలువబడిన మనుష్యుల చరిత్రకు మన పరిశోధనలలో దొరకిన చోటు స్వల్పము. దొరకినచోటను వారందఱు నొక్క ముద్దగా పరిగణింపబడిరి. లోకము వెలివేసినవారు గనుక వారిలో వారికి హెచ్చుతగ్గులు లేవని తలచుట సులభము. చరిత్ర యట్లు చెప్పుట లేదు.

మొదట శాసనమును గూర్చి కొంత చెప్పవలసి యున్నది. 1871లో ఆంగ్ల ప్రభుత్వము చేసిన నేరస్థ జాతుల చట్టమున నొక భాగము పుట్టుకచేతనే నేరగాండ్రని ముద్రవేయబడిన జాతులకును, మఱియొకటి హిజ్రాలకును సంబంధించినది. కులమును లింగమును ఒకే చట్టమున కుట్టివేసిన యా లేఖకులు తమకు తెలియకయే యొక సంబంధమును గుర్తించిరేమో! నిజాము రాజ్యమున ఫసలీ 1329లో, అనగా 1919 ప్రాంతమున, దానిని పోలిన చట్టమే వెలసెను. అనుమానితులైన హిజ్రాల పేర్లును నివాసములును పట్టికలో నెక్కింపవలెను. స్త్రీవేషముతో వీధిలో కన్పట్టినచో వారంటు లేకయే నిర్బంధింపవచ్చును. రాజ్యము పోయినను ఈ చట్టము తెలంగాణా ప్రాంతపు చట్టమను పేర నిలిచి, 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు కొట్టివేయువఱకు మిగిలి యుండెను.

పోలీసు పట్టికలో అందఱిదియు నొకటే వరుస. సమాజము లోపల అట్లు గాదు. నాటి మహబూబునగరు జిల్లాలోనిదై, 2016 నుండి నాగర్‌కర్నూలు జిల్లాలో చేరిన తెలకపల్లి వంటి యూర పుట్టి, స్త్రీగా బ్రతుకదలచిన బాలుని ముందు ముఖ్యముగా రెండు త్రోవలుండెడివి. ఎల్లమ్మ పేర జోగియై దేవత కంకితమగుట యొకటి. పట్నము చేరి గురువు నాశ్రయించుట రెండవది. ఈ జిల్లాలో జోగిని యాచారము దళిత స్త్రీలనే యెక్కువగా బలిగొన్నదని మఱవరాదు. దానిని నిషేధించు చట్టము 1988లో గాని రాలేదు.

పట్నమున రెండు ఇండ్లు ప్రసిద్ధములు: లష్కర్‌వాలా, షెహర్‌వాలా. లష్కరనగా సికింద్రాబాదు దండు, షెహరనగా పాతనగరము. ఇంట చేరిన చేలాకు క్రొత్త పేరు, క్రొత్త బంధుత్వము లభించును. గాయత్రీ రెడ్డి సికింద్రాబాదు హిజ్రాలను గూర్చి రచించి 2005లో ప్రకటించిన గ్రంథమును బట్టి, పుట్టుమతమేదైనను హిజ్రాలు తమ్ము ముసల్మానులుగనే చెప్పుకొందురు. ఇట్లు జన్మకులము గడప యావలనే నిలిచిపోవలెను. ఇది చిన్న సాధన గాదు.

కాని యా గడపలోపల మఱియొక నిచ్చెన లేచినది. పెండ్లిండ్లకును పురుళ్లకును పోయి ఆశీర్వదించి కానుకలు పుచ్చుకొను బధాయీ హిజ్రాలు పై మెట్టువారు. దేహమమ్ముకొని జీవించు కాండ్రా హిజ్రాలు క్రింది మెట్టువారు. వీరికిని దిగువ, మగదుస్తులు విడువని కోతీలు. కొలబద్ద 'ఇజ్జతు', అనగా మర్యాద. చేయు వృత్తినిబట్టి దేహమునకు శుద్ధాశుద్ధములు నిర్ణయించు నీ పద్ధతి మన యూళ్లలోని కులవ్యవస్థ కెంత దగ్గఱిదో పాఠకులే గ్రహింపగలరు. కులము పేరు పోయినది. లెక్క పోలేదని నా యభిప్రాయము.

ఇది మన దేశమునకే ప్రత్యేకమైన దోషము గాదు. అమెరికాలో 1970 దశకమున స్వలింగప్రియుల మద్యశాలలు కొన్ని నల్లజాతి వారిని మాత్రము వాకిట నిలిపి, ఒకటికి మించిన గుర్తింపు పత్రములడిగెడివి. దానికి ప్రతిగా 1980లో శాన్‌ఫ్రాన్సిస్కోలో నల్లవారును తెల్లవారును కలిసి యొక సంఘమునే స్థాపించుకొనిరి. అచట వర్ణము చేసిన పనిని ఇచట కులమును, ఆంగ్లభాషయు చేయుచున్నవి. 2013లో హైదరాబాదున స్వాభిమాన యాత్ర తొలిసారి సాగినది. ఆంగ్లము నేర్చిన యుద్యోగియు, కూడలిలో చేయి చాపు హిజ్రాయు ఒకే జెండా క్రింద నడచినను, సభ ముగిసిన పిమ్మట వారు చేరు ఇండ్లు వేఱు.

ఈ ప్రశ్న 2014లో న్యాయస్థానము వలననే మరల ముందునకు వచ్చినది. ట్రాన్స్‌జెండరు వ్యక్తులను వెనుకబడిన తరగతులుగా నెంచి రిజర్వేషను లీయవలెనని సుప్రీంకోర్టు ఆ యేప్రిల్‌లో ఆదేశించెను. ఉపకారబుద్ధి నిస్సందేహమే. కాని మాదిగవాడలో పుట్టిన హిజ్రా ఏ వరుసలో నిలువవలెను? వెనుకబడిన తరగతిలో చేరినచో షెడ్యూల్డు కులమువారికి గల హక్కేమగును? దళిత ట్రాన్స్‌జెండరు కార్యకర్తలు, ప్రతి కులవర్గములోను వేఱుగా వాటా యుండవలెనని కోరుచు, దీనికి అడ్డు రిజర్వేషనను పేరిడిరి. 2021లో కర్ణాటక ప్రభుత్వము తన యుద్యోగ నియామకములలో ఒక శాతమును ఈ పద్ధతినే కేటాయించెను. గురువింట చేరునపుడు గడప యావల విడిచివచ్చిన కులమును, ఉద్యోగపు దరఖాస్తులో ఆ హిజ్రా మరల వ్రాయవలసియే యున్నది.