మొరాయించిన పాత కారు: నిప్పురవ్వ కథ

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో గద్వాల ఒకప్పుడు నిజాము ఏలుబడి క్రింది సంస్థానము. 1932లో నిజాము రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించిరి. ఆ కాలమున మోటారు బండి ముందుభాగములో ఇనుప హ్యాండిలు దూర్చి, బలముకొలది త్రిప్పి ఇంజను నడిపించుట సామాన్య దృశ్యము. అది ప్రమాదముతో కూడిన పని. పిస్టను పైకి చేరకముందే నిప్పురవ్వ పుట్టినచో మండిన వాయువు దానిని వెనుకకు నెట్టును. అప్పుడు హ్యాండిలు ఎదురు తిరిగి త్రిప్పువాని మణికట్టు విరుగగొట్టెడిది.

ఈ నిప్పురవ్వ ఎక్కడిది? 1831లో ఫారడే, అయస్కాంత క్షేత్రము మారినచో తీగచుట్టలో విద్యుత్తు పుట్టునని కనుగొనెను. 1860లో లెన్వార్ పారిస్‌లో తన గ్యాసు ఇంజనును విద్యుత్ రవ్వతో వెలిగించెను. అమెరికాలో కెటరింగ్ రూపొందించిన బ్యాటరీ, కాయిలు పద్ధతి 1910 నాటి కాడిలాక్ కారులో చేరెను. అతని విద్యుత్ స్టార్టరు 1912లో అదే కారులో వచ్చి, హ్యాండిలు బాధను తప్పించెను.

ఈ చరిత్ర అంతయు ఒకే బండిలో చూడదలచినవారికి ఎం.జి. టి.సి. అను స్పోర్ట్స్ కారు చక్కని ఉదాహరణము. ఇది 1945 నుండి 1949 వరకు ఇంగ్లండులో తయారైనది. ఇంజను 1250 ఘన సెంటీమీటర్లు. ఇందులో 12 వోల్టుల బ్యాటరీ, కాయిలు, స్టార్టరు ఉన్నవి. హ్యాండిలు కూడ ఉన్నది. ఇట్టి కారు కదలనన్నచో ఏమి చేయవలెను?

మొదట ఇంజను తిరుగుచున్నదా యని చూడవలెను. స్టార్టరు నీరసముగా మూలిగి, దీపములు మసకబారినచో దోషము బ్యాటరీలోనో, త్రుప్పు పట్టిన తీగల కొసలలోనో ఉండును. ఇంజను చక్కగా తిరిగియు అంటుకొననిచో పెట్రోలునో, రవ్వనో అనుమానింపవలెను.

పెట్రోలు సంగతి చెవి చెప్పును. స్విచ్చు వేయగానే విద్యుత్ పంపు టిక్కు టిక్కుమని కొట్టుకొని, కార్బ్యురేటర్లు నిండగానే ఆగును. ఆగక కొట్టుకొన్నచో ట్యాంకు ఖాళీయై యుండవచ్చును, లేక గొట్టములో గాలి చొరబడి యుండవచ్చును. అసలు శబ్దమే లేనిచో పంపుకు విద్యుత్తు అందుటలేదు, లేదా దానిలోని స్పర్శబిందువులు చెడినవి. గద్వాల వంటిచోట మండువేసవిలో మరొక చిక్కు కలదు: వేడికి పెట్రోలు గొట్టములోనే ఆవిరియై ప్రవాహమునకు అడ్డుపడును. చల్లారిన పిదప బండి దానంతట అదే అంటుకొనును. నేటి పెట్రోలులో కలిసిన ఎథనాలు పాత రబ్బరు గొట్టములను పాడుచేయును గనుక వానిని కూడ పరీక్షింపవలెను.

ఇక రవ్వ. డిస్ట్రిబ్యూటరులోని స్పర్శబిందువులు మూసికొన్నప్పుడు కాయిలులో ప్రవాహము నడచి అయస్కాంత క్షేత్రము ఏర్పడును. అవి విడివడగానే ఆ క్షేత్రము కూలి, రెండవ చుట్టలో వేల వోల్టులు పుట్టును. ఇదియే ఫారడే సూత్రము. కండెన్సరు చెడినచో క్షేత్రము త్వరగా కూలదు. రవ్వ బలహీనమగును, స్పర్శబిందువులు కాలిపోవును. ఆ తీగలను వట్టిచేతితో పట్టరాదు. పెట్రోలు ఆవిరి ఉన్నచోట రవ్వను పరీక్షింపరాదు.

తోచిన భాగమునెల్ల ఒకేమారు మార్చువానికి బండి బాగైనను కారణము తెలియదు. పైగా మరల దొరకని పాత భాగములు పోవును. ఒక్కొక్క పరీక్షతో ఒక్కొక్క అనుమానమును తొలగించుకొనుచు పోయినవానికి దోషము దానంతట అదే బయటపడును. పాఠశాల ప్రయోగశాలలో విద్యార్థి నేర్చుకొను పద్ధతియు ఇదియే.